చౌటుప్పల్, షాద్‌నగర్, భువనగిరి: ఆఫీసు లక్డీకాపూల్‌లో ఉంటే, పిల్లలతో ఎక్కడ ఉండాలి?

ప్రశ్న ఇదీ: సొంతూరు నకిరేకల్ దగ్గర. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి ఉంటున్నారు. ఆఫీసు లక్డీకాపూల్‌లో, వారానికి ఆరు రోజులు, పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా. బాబు నాలుగో తరగతి, పాప యూకేజీ, ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు. సిటీ రొద తప్పించుకుని పిల్లలు వాకిట్లో ఆడుకునే చోటికి పోవాలని ఉంది. చౌటుప్పల్, షాద్‌నగర్, భువనగిరి, ఈ మూడింట్లో ఏది మేలు? పనిలో పనిగా, చౌటుప్పల్ దగ్గర హైవే నుంచి 6 కిలోమీటర్లు లోపల ఉన్న వెంచర్‌లో 200 గజాల ప్లాట్‌కు బయానా ఇవ్వొచ్చా?

సూటిగా జవాబు: మూడింట్లో మీకు చౌటుప్పలే. కానీ మొదట ఒక ఏడాది కిరాయికి, అదీ ఊళ్లోనే, బస్సు ఆగే చోటికి నడిచి పోయేంత దూరంలో. ప్లాట్‌కు బయానా ఇప్పుడు వద్దు. రోజుకు నాలుగు గంటల ప్రయాణం మీ వల్ల కాదనిపిస్తే అదే విజయవాడ హైవే మీద వెనక్కి, సిటీకి దగ్గరగా అబ్దుల్లాపూర్‌మెట్ వైపు జరగండి. రోడ్డు మాత్రం మార్చకండి.

రోడ్డు గురించి అంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, సిటీ చుట్టూ ఉన్న ఈ ఊళ్లన్నీ దాదాపు ఒకే దూరం, 50 కిలోమీటర్లు అటూ ఇటూ. ఊరి అందం చూసి ఎంచుకున్నవాళ్లు ఏడాదిలో తిరిగి సిటీకి వచ్చేస్తారు. ఆ ఊరి రోడ్డు మిమ్మల్ని సిటీలో ఎక్కడ దింపుతుంది, అక్కడి నుంచి ఆఫీసుకు ఎన్ని మార్పులు, అన్నదే అసలు లెక్క.

చౌటుప్పల్ బస్సు ఎల్బీనగర్‌లో దింపుతుంది. మెట్రో ఎర్ర లైను అక్కడే మొదలు, సీటు దొరుకుతుంది. దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, ఎంజీబీఎస్, నాంపల్లి, అసెంబ్లీ దాటగానే లక్డీకాపూల్. ఒకే ఒక్క మార్పు. షాద్‌నగర్ నుంచి వస్తే ఆరాంఘర్‌లో దిగాలి. అక్కడ మెట్రో లేదు, మెహిదీపట్నం మీదుగా సిటీ బస్సు పట్టుకోవాలి. షాద్‌నగర్‌కు రైలుంది కదా అంటారు. ఉంది, మహబూబ్‌నగర్ దాకా రెండో లైను కూడా పడింది. కానీ ఆ రైలు మిమ్మల్ని కాచిగూడలో దింపుతుంది, లక్డీకాపూల్‌కు మళ్లీ బస్సు లేదా ఆటో. పైగా మీ ఆఫీసు వేళకు పనికొచ్చే బండ్లు కొన్నే. ఒకటి తప్పితే ఆ పూట పోయినట్టే. భువనగిరి నుంచి రైలైతే సికింద్రాబాద్, బస్సైతే ఉప్పల్. ఉప్పల్ నుంచి నీలం లైను ఎక్కి అమీర్‌పేటలో ఎర్ర లైనుకు మారాలి. ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ రోడ్డు పనులు ఏళ్ల తరబడి సాగడంతో ఆ దారిలో పొద్దున్నే ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు.

ఇది మీ ఆఫీసుకు చెప్పిన లెక్క. ఇదే ప్రశ్న శంషాబాద్‌లోనో గచ్చిబౌలిలోనో ఉద్యోగం ఉన్నవాళ్లు అడిగితే షాద్‌నగర్ అంటాను, శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే చాలు. అయితే ఔటర్ ప్రధాన రోడ్డు మీదికి బైకులను రానివ్వరు, సర్వీసు రోడ్డు మీదే పోవాలి. బైకు మీద ఆధారపడేవాళ్లు ఈ సంగతి మరిచి లెక్కలు వేస్తుంటారు. సికింద్రాబాద్, తార్నాక వైపు ఉద్యోగమైతే భువనగిరి, రైలు నెల పాసుతో. ఆ పాసు ప్యాసింజర్‌లోనూ, ఎక్స్‌ప్రెస్‌ల జనరల్ బోగీల్లోనూ చెల్లుతుంది. సూపర్‌ఫాస్ట్‌కు అదనంగా సర్‌చార్జి కట్టాలి, రిజర్వుడు బోగీ ఎక్కితే జరిమానా.

రోజు ఎలా గడుస్తుందో నిమిషాల్లో

ఇంటి నుంచి బస్సు ఆగే చోటికి 10 నిమిషాలు. బస్సు కోసం 10. ఎల్బీనగర్ దాకా 60 నుంచి 75. మెట్రో మెట్లు, తనిఖీ, రైలు రాక కలిపి 10. మెట్రోలో 25. దిగి ఆఫీసుకు 5 నుంచి 10. కూడితే రెండు గంటల నుంచి రెండు గంటల ఇరవై నిమిషాలు. పదింటికి కుర్చీలో ఉండాలంటే ఏడున్నరకు గడప దాటాలి. సాయంత్రం ఆరుకు లేస్తే ఇల్లు చేరేసరికి ఎనిమిది దాటుతుంది. పాప నిద్రపోయే వేళకు పది నిమిషాల ముందు వచ్చే నాన్నగా ఉండటం మీకు సమ్మతమేనా అని ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. వారంలో రెండు రోజులైనా ఆఫీసువాళ్లు పొద్దున తొమ్మిదికి వచ్చి ఐదుకు పొమ్మంటే లెక్క చాలా మారుతుంది. ఇల్లు మారకముందే ఆ మాట అడిగి పెట్టుకోండి, మారాక అడిగితే బలం ఉండదు.

ఆదివారం కారేసుకుని పోయి ‘గంటలో వచ్చేశాం’ అనుకోవడం లెక్కలోకి రాదు. చుట్టాల ఇంట్లోనో లాడ్జిలోనో సోమవారం నుంచి శనివారం దాకా ఉండి, అక్కడి నుంచే ఆఫీసుకు పోయి రండి. సోమవారం పొద్దున ఊళ్ల నుంచి సిటీకి వచ్చే జనం, శనివారం సాయంత్రం సిటీ నుంచి ఊళ్లకు పోయే జనం మీ బస్సులోనే ఉంటారు. ఆ రెండు రోజులూ తట్టుకోగలిగితే మిగతావి తేలికే. హయత్‌నగర్, పెద్దఅంబర్‌పేట దగ్గర బండ్లు బారులు కడతాయి. రోడ్డు పని ఎక్కడ జరుగుతుంటే అక్కడ ఇంకో పావుగంట.

చౌటుప్పల్‌లో ఆగేవి ఎక్కువగా నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ వైపు నుంచి నిండి వచ్చే ఎక్స్‌ప్రెస్‌లు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. మీ ఇంటావిడకూ అమ్మగారికీ ఇది పెద్ద ఊరట. ఆధార్ చూపించి జీరో టికెట్ మాత్రం తప్పకుండా తీసుకోవాలి. డీలక్స్, సూపర్ లగ్జరీల్లో ఇది చెల్లదు, మెట్రో రైల్లోనూ చెల్లదు. మీ వైపు నుంచి చూస్తే పొద్దున ఏడున్నర బస్సులో నిలబడటానికి సిద్ధంగా ఉండాలి. రాత్రి పొద్దుపోయాక హైవే మీద బస్సులు పోతూనే ఉంటాయి గానీ, విజయవాడ పోయే పెద్ద బస్సులు చౌటుప్పల్ టికెట్‌కు ఎక్కించుకోకపోవచ్చు. మెట్రో కూడా రాత్రి 11 ప్రాంతంలో ఆగిపోతుంది. ఆఫీసులో నెలాఖరు పనులుంటే దిల్‌సుఖ్‌నగర్‌లో పడుకోవడానికి ఒక తెలిసిన ఇల్లు ఉంచుకోండి.

బైకు మీద పోతానని మాత్రం అనకండి. రానూ పోనూ రోజుకు 100 కిలోమీటర్లు, నెలకు 25 రోజులంటే 2,500. లీటరుకు 50 ఇచ్చే బండికి 50 లీటర్లు, లీటరు 107 రూపాయల చొప్పున 5,350. అదే కారైతే 16 కిలోమీటర్ల లెక్కన 156 లీటర్లు, దగ్గర దగ్గర 16,700. సర్వీసింగు, టైర్లు వేరే. డబ్బు పక్కన పెడితే, ఈ హైవే మీద రాంగ్ రూట్‌లో వచ్చే ట్రాక్టర్లు, ఆటోలు, పక్క ఊళ్ల దగ్గర డివైడర్ సందుల్లో ఒక్కసారిగా అడ్డం తిరిగే బండ్లు చీకట్లో కనబడవు. బైకు ఇంటి నుంచి బస్సు దాకా చాలు.

ఒక మంచి మాట: పంతంగి టోల్‌గేటు చౌటుప్పల్ దాటాక విజయవాడ వైపు ఉంది, కాబట్టి సిటీకి పోయి వస్తే హైవే టోల్ పడదు. నకిరేకల్ పోయినప్పుడే పడుతుంది. సొంత కారు ఉంటే, గేటుకు 20 కిలోమీటర్ల లోపు ఇల్లున్నవాళ్లకు నెలవారీ లోకల్ పాసు ఇస్తారు. ఊరికి నెలకు ఒక్కసారే పోయేవాళ్లకు అది గిట్టుబాటు కాదు, రెండు మూడు సార్లయితే చూడొచ్చు. 2025 ఆగస్టు 15 నుంచి 200 సార్లు దాటే ఫాస్టాగ్ వార్షిక పాసు కూడా వచ్చింది, మొదలైనప్పుడు దాని ధర 3,000 రూపాయలు. ఎటు లాభమో మీ తిరుగుడును బట్టి. సంక్రాంతికి ముందు రెండు రోజులు మాత్రం ఈ రోడ్డు మీద ఏ లెక్కా పనిచేయదు. ఆ రెండు రోజులు సెలవు పెట్టేయండి.

నీళ్లు: అన్నింటికన్నా ముందు చూడాల్సింది ఇదే

పాత నల్లగొండ జిల్లా మనిషి కాబట్టి, బోరు నీళ్లలో ఉండి పళ్లనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరైడ్ గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మర్రిగూడ, మునుగోడు, నారాయణపురం, చౌటుప్పల్ వైపు నేలలో గ్రానైట్ రాళ్లు. వాటిలోని ఫ్లోరైడ్ ఖనిజం నీళ్లలో మెల్లగా కరుగుతుంది. బోరు ఎంత లోతుకు పోతే నీళ్లు అంత ఎక్కువ కాలం రాతిలో నిలవ ఉన్నవన్నమాట, ఫ్లోరైడూ సాధారణంగా అంతే ఎక్కువ. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాకా అనుమతి. ఇది భారతీయ ప్రమాణం.

మిషన్ భగీరథ పైలాన్ 2015లో చౌటుప్పల్‌లోనే వేశారు. నది నీళ్లు నల్లాల్లో వస్తున్నాయి. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ భయం లేదు. మరి చిక్కెక్కడ? ఇంట్లో. కిరాయి ఇళ్లలో చాలాచోట్ల సంపు ఒక్కటే ఉంటుంది. నల్లా రాని రోజు ఇంటి ఓనరు బోరు మోటారు వేస్తాడు, రెండూ అందులోనే కలుస్తాయి. మీరేమో భగీరథ నీళ్లు తాగుతున్నామనుకుంటారు. కాబట్టి ఇల్లు చూడటానికి పోయినప్పుడు అడగాల్సిన మొదటి మాట: నల్లా నీళ్లు పడే సంపు, బోరు నీళ్లు పడే సంపు వేరువేరుగా ఉన్నాయా? లేకపోతే వంటింట్లోకి నల్లా నుంచి నేరుగా ఒక పైపు ఉందా? రెండూ లేకపోతే ఆ ఇల్లు వదిలేయండి, లేదా వంటింట్లో నల్లా నీళ్లకు వేరే డ్రమ్ము పెట్టుకోవడానికి ఒప్పుకుంటారేమో అడగండి.

ఫ్లోరైడ్ రుచికి తెలియదు, కంటికి కనబడదు. దుకాణంలో అమ్మే టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం చూపేది) కూడా దాన్ని చూపదు. 400 టీడీఎస్ ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ 2 దాటి ఉండొచ్చు, 900 ఉన్న నీళ్లలో 1 లోపు ఉండొచ్చు. కాచితే పోదు. ఆవిరయ్యేది నీళ్లే గనక మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు, యూవీ మిషను దీన్ని తీయలేవు. ఆర్వో తీస్తుంది, పొర పాతబడనంత కాలం. పటిక, సున్నం వేసి కలిపి తేర్చే పద్ధతి నీరి సంస్థ రూపొందించింది, దేశమంతా దాన్ని నల్లగొండ టెక్నిక్ అనే అంటారు. మోతాదు నీళ్లను బట్టి మారుతుంది కాబట్టి ఇంట్లో అంచనాగా చేసే పని కాదు.

పరీక్ష చేయించడం తేలిక. బోరు మోటారు పది నిమిషాలు వదలండి. తర్వాత అదే నీళ్లతో ఒక లీటరు ప్లాస్టిక్ సీసాను రెండు మూడు సార్లు తొలిచి, నిండా పట్టి మూత బిగించండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో చర్య జరుపుతుంది. మిషన్ భగీరథ నీటి పరీక్ష కేంద్రంలో ఇవ్వండి, లేదా సిటీలో గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో. ఫ్లోరైడ్, టీడీఎస్, గట్టిదనం, నైట్రేట్ నాలుగూ అడగండి. నైట్రేట్ ఎందుకంటే, డ్రైనేజీ లేని కాలనీల్లో సెప్టిక్ ట్యాంకు నుంచి పక్క బోర్లోకి ఊరే ముప్పు ఉంటుంది. ఇంటి బోరుతో పాటు పక్కింటి బోరు నీళ్లు కూడా ఒక సీసా పట్టించండి. యాభై అడుగుల తేడాలో ఫలితం మారిన సందర్భాలు ఈ నేలలో మామూలే.

పాప విషయం ముఖ్యం. పాల పళ్లు ఊడాక వచ్చే పళ్లు చిగురు లోపల గట్టిపడే వయసు ఇంచుమించు ఎనిమిదేళ్ల దాకా. ఆ లోపు తాగిన ఫ్లోరైడే పళ్ల మీద గోధుమ రంగు మచ్చలుగా తేలుతుంది, తర్వాత ఎంత తోమినా పోదు. మీ బాబుకు ఆ వయసు దాటింది, పాపకు ఇంకా మూడేళ్లుంది. తాగడానికే కాదు, అన్నం, పప్పు, పాలల్లోకి కలిపే నీళ్లు కూడా నల్లావో ఆర్వోవో కావాలి.

ఇక ఎన్ని నీళ్లు కావాలి? మున్సిపాలిటీల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్క. మీరు ఐదుగురు, అంటే 675. నల్లా రోజు విడిచి రోజు వస్తే, ఒక రోజు తప్పినా ఆదుకునేలా సంపు కనీసం 2,500 లీటర్లుండాలి. పైన 1,000 లీటర్ల ట్యాంకు. సంపు మూత ఎత్తి చూడండి, గోడల మీద నీటి గీత ఎక్కడుందో చూస్తే మామూలుగా ఎంత నిండుతుందో తెలుస్తుంది. హైదరాబాద్‌కు నీళ్లిచ్చే జలమండలి సరఫరా ఔటర్ లోపలికే, బయట ఊళ్లలో ట్యాంకర్ అంటే ప్రైవేటువాళ్లే. ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్ ఎంతకొస్తుంది, ఎన్నిసార్లు తెప్పించారు అని ఓనరును కాదు, పక్క పోర్షన్‌లో కిరాయికి ఉన్నవాళ్లను అడగండి.

అందుకే ఇల్లు వెతకడానికి మంచి కాలం మే నెల. బడులు జూన్ 12న తెరుస్తారు, ఆలోపు మారిపోవచ్చు. పైగా ఆ నెలలో నీళ్లున్న ఇల్లు ఏడాదంతా నీళ్లున్న ఇల్లే. సంక్రాంతి రోజుల్లో ఇల్లు చూస్తే ప్రతి బోరూ గంగమ్మలాగే కనబడుతుంది.

ప్రశాంతత అంటే ఏం చూడాలి

పగలు పదకొండింటికి పోతే ఏ ఊరైనా ప్రశాంతంగానే ఉంటుంది. మీరు పోవాల్సింది రాత్రి తొమ్మిది నుంచి పదకొండు మధ్య ఒకసారి, తెల్లవారుజామున ఐదింటికి ఇంకోసారి. చౌటుప్పల్, బీబీనగర్, పోచంపల్లి చుట్టూ రసాయన పరిశ్రమలున్నాయి. షాద్‌నగర్ వైపు కొత్తూరు, నందిగామల్లోనూ కార్ఖానాలు తక్కువేం లేవు. చలికాలం రాత్రుళ్లు గాలి కదలక పొగ, వాసన నేలకు అంటుకునే ఉంటాయి. అదే ఇల్లు ఎండాకాలం మధ్యాహ్నం చూస్తే ఏ వాసనా తెలియదు. వానాకాలం గాలి పడమటి నుంచి వీస్తుంది, చలికాలం తూర్పు, ఈశాన్యం నుంచి. ఇంటికి ఈ రెండు దిక్కుల్లో మూడు నాలుగు కిలోమీటర్ల లోపు ఏ కార్ఖానా, ఏ కోళ్ల ఫారం ఉందో ఫోన్లో ఉపగ్రహ పటం తెరిచి చూడండి. పొడుగాటి తెల్ల రేకుల షెడ్లు వరుసగా కనబడితే చాలామటుకు కోళ్లవే. వానలు మొదలయ్యాక ఆ దిక్కు నుంచి వచ్చే ఈగలకు కిటికీ జాలీలు తప్ప మందు లేదు.

చప్పుడు సంగతి. హైవేకు ఆనుకున్న ఇళ్లలో రాత్రంతా లారీలు, బస్సుల హారన్లు. రెండు మూడు వందల మీటర్లు లోపలికి, మధ్యలో ఇళ్ల వరుసలుంటే చాలావరకు తగ్గుతుంది. అంతకన్నా పెద్ద గొడవ ఫంక్షన్ హాళ్లది. పెళ్లిళ్ల సీజన్లో డీజే, బరాత్ ఏ రోడ్డు మీదుగా పోతాయో అడగండి. భువనగిరి వైపు చూసేవాళ్లకు ఒక మాట: మూసీ బీబీనగర్, పోచంపల్లి, వలిగొండ మండలాల మీదుగా సిటీ మురుగు మోసుకుంటూ పోతుంది. దాని ఒడ్డు ఊళ్లలో దోమలు, వాసన రెండూ ఎక్కువ.

సగం ప్లాట్లు ఖాళీగా ఉన్న కాలనీ ఫోటోలో బాగుంటుంది. ఆ ఖాళీ ప్లాట్లలో సర్కారు తుమ్మ పెరుగుతుంది, వానాకాలం పాములు వస్తాయి, వీధిలైటు పాడైతే అడిగే నలుగురుండరు. పిల్లలు ఆడుకోవాలంటే ఈడు పిల్లలు కావాలి, సందు చివర ఒక కిరాణా దుకాణం కావాలి, సాయంత్రం అరుగు మీద కూర్చునే పెద్దవాళ్లు కావాలి. అందుకే ఊళ్లో ఇల్లు చూడమంటున్నాను. కనీసం మూడొంతులు ఇళ్లు కట్టి జనం ఉంటున్న వీధి ఎంచుకోండి. కోతుల బెడద ఈ ఊళ్లన్నిటికీ ఉంది. డాబా మీద ట్యాంకు మూతకు తాడు కట్టి ఉంటే, వంటింటి కిటికీకి గ్రిల్లు మీద జాలీ బిగించి ఉంటే ఆ వీధికి అవి వస్తాయని అర్థం. రాని వీధి దొరకడం కష్టమే, గ్రిల్లు ఉన్న ఇల్లు దొరికితే చాలు.

కరెంటు విషయం చిన్నదే. మే నెల గాలివానలకు పోతుంది, వస్తుంది. ఆ వీధి టౌన్ ఫీడర్ మీద ఉందా, ఊరి బయట వ్యవసాయ లైను మీద ఉందా అని లైన్‌మన్‌ను అడగండి. 150 ఏహెచ్ బ్యాటరీతో ఇన్వర్టర్ ఉంటే రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, వైఫై ఐదారు గంటలు నడుస్తాయి, బ్యాటరీ కొత్తదైతే.

పిల్లలు, అమ్మగారు, ఇంటావిడ

బడి ఊళ్లోదే చూడండి. హయత్‌నగర్‌లో మంచి బడి ఉందని పిల్లల్ని ఇక్కడి నుంచి బస్సులో పంపితే, మీరు తప్పించుకోవాలనుకున్న ప్రయాణం యూకేజీ పాప చేస్తుంది. బడి బస్సు మొదటి ఇంటి నుంచి బడి దాకా అరగంట మించకూడదని నా పట్టింపు. బస్సులో ఆయా ఉందా, ఈ ఏడాది ఫిట్‌నెస్ అయిందా, హైవే అడ్డంగా దాటించి ఎక్కిస్తారా లేక ఇంటి వైపే ఆపుతారా అని అడగండి. ఈ చివరిది ఎవరూ అడగరు, ప్రమాదం ఎక్కువగా అక్కడే. ఎనిమిది, తొమ్మిది తరగతుల దాకా ఊళ్లో బడితో సరిపోతుంది. ఇంటర్ నాటికి చాలా కుటుంబాలు పిల్లల్ని హాస్టల్లో వేయడమో, తిరిగి సిటీ అంచుకు రావడమో చేస్తాయి. బాబుకు దానికి ఇంకా ఆరేళ్లు. ఇప్పుడే ఇల్లు కొనకూడదనడానికి ఇదొక కారణం.

అమ్మగారికి కింది అంతస్తు, కమోడ్ ఉన్న బాత్రూం, గడప ఎత్తు తక్కువ. కింది అంతస్తు అన్నాక, చెరువు అలుగు పారితే నీళ్లు ఏ దారిన పోతాయో వీధిలో ముసలివాళ్లను అడగండి. ఆ దారిలో ఇల్లు వద్దు. మామూలు జబ్బులకు ఊళ్లో ప్రభుత్వ దవాఖానా, ప్రైవేటు డాక్టర్లు ఉన్నారు. పెద్ద అవసరమొస్తే ఒకవైపు ఎల్బీనగర్, ఇంకోవైపు నార్కట్‌పల్లి మెడికల్ కాలేజీ ఆసుపత్రి, పోచంపల్లి మీదుగా పోతే బీబీనగర్ ఎయిమ్స్. ఎయిమ్స్‌లో ఓపీకి పొద్దున్నే చేరితేనే పని అవుతుంది. మోకాళ్ల కోసమైతే ముందు అక్కడ ఆర్థోపెడిక్ ఓపీలో చూపించండి.

మీ ప్రశ్నలో ఇంటావిడ గురించి ఒక్క ముక్కా లేదు. మీరు పొద్దున ఏడున్నరకు పోయి రాత్రి ఎనిమిదికి వస్తారు. ఈ మధ్యలో బడి ఫోను చేసినా, గ్యాస్ బండ వచ్చినా, అమ్మగారు కాలు జారినా చూసుకోవాల్సింది ఆమే. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటి కింద దొరికేవి ఇక్కడ దొరకవు. ఆమెకు స్కూటీ వచ్చా? పగటిపూట పలకరించడానికి చుట్టాలో తెలిసినవాళ్లో ఉన్నారా? ఇల్లు ఖాయం చేసే మాట ఆమె చేత చెప్పించండి. ఈ మార్పు బెడిసికొట్టిన ఇళ్లలో కారణం ఎక్కువగా ఇదే, బస్సు కాదు.

ప్లాట్ సంగతి

వెంచర్ హైవే నుంచి 6 కిలోమీటర్లు లోపల అన్నారు. బస్సు దాకా రోజూ 6, తిరిగి 6. పైన వేసిన లెక్కకు రోజుకు ఇంకో అరగంట కలపండి. ఉండటానికి ఆ ప్లాట్ మీకు పనికిరాదు. డబ్బు దాచుకోవడానికంటారా, అప్పుడు కాగితాలు చూడాలి, ఈ క్రమంలో:

లేఅవుట్‌కు హెచ్‌ఎండీఏ లేదా డీటీసీపీ (లేఅవుట్లకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థలు) తుది అనుమతి ఉందా? డ్రాఫ్ట్ అనుమతి నంబరు బ్రోచర్ మీద వేసి తుది అనుమతిలాగా చూపించడం అలవాటు. పంచాయతీ ముద్ర ఉన్న లేఅవుట్ అంటే అనుమతి లేనట్టే. తుది అనుమతి వచ్చేదాకా 15 శాతం ప్లాట్లు ఆ సంస్థకు తనఖాలో ఉంటాయి, మీ ప్లాట్ నంబరు వాటిలో లేదని నకలులో చూసుకోండి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు వాళ్ల వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. సర్వే నంబరు మీద ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల, తనఖాల జాబితా) కనీసం 30 ఏళ్లకు తీయించి, పాత అమ్మకాల లింకు డాక్యుమెంట్లతో పోల్చండి. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో లేదని చూడండి. చెరువు పక్కనైతే ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) నుంచి, 10 హెక్టార్లు అంతకు పైబడ్డ చెరువుకు 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. ‘ఫామ్ ప్లాట్’ అని గుంటల్లో అమ్మితే అది వ్యవసాయ భూమే. ఒక గుంట 121 గజాలు. నాలా మార్పిడి (వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చడం) కాకుండా ఇంటికి అనుమతి రాదు.

చౌటుప్పల్‌కు ప్రత్యేకమైనది ఇంకోటుంది. సిటీ చుట్టూ వేయబోయే రీజినల్ రింగ్ రోడ్డు ఉత్తర భాగం, దక్షిణ భాగం కలిసే చోట్లలో ఇది ఒకటి. బ్రోచర్‌లో అది ప్లాట్‌కు ‘దగ్గర’ అని గొప్పగా రాస్తారు. ఎంత దగ్గరో మీరు చూసుకోవాలి. జాతీయ రహదారుల చట్టం కింద జరిగే భూసేకరణలో, భూమి తీసుకోవాలనుకుంటున్నామని ముందు 3ఏ నోటిఫికేషన్ వస్తుంది, తర్వాత తీసుకున్నట్టు 3డీ. 3డీ గెజిట్‌లో పడ్డ భూమి ఆ రోజు నుంచి కేంద్ర ప్రభుత్వానిదే, పరిహారం గొడవ ఎప్పటికి తేలినా సరే. మీ వెంచర్ సర్వే నంబర్లు, వాటి ఉప నంబర్లతో సహా, చౌటుప్పల్ ఆర్డీవో ఆఫీసులో ఈ రెండు జాబితాలతోనూ పోల్చి చూపించమనండి. అమ్మేవాళ్లు ‘మన నంబరు పక్కనుంచి పోతుంది సార్’ అంటే, ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి.

వీటన్నిటికీ సరే అన్నాక కూడా, రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం మీద పడుతుంది: స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు అర శాతం. బయానా ఇవ్వక తప్పని పరిస్థితి వస్తే చెక్కుగానో బ్యాంకు ద్వారానో ఇవ్వండి. ‘పైన చెప్పిన కాగితాల్లో ఏది తేడా వచ్చినా 30 రోజుల్లో పూర్తిగా వాపసు’ అని అగ్రిమెంటులో రాయించి, ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు పెట్టించండి. ఆ ఒక్క వాక్యం రాయడానికి ఒప్పుకోని వెంచర్‌లో మీకు పని లేదు.